పెద్ద జబ్బు మనిషిని ఇంట్లో చూసుకోవడం: పాలియేటివ్ కేర్ ఎలా మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

"ఇక పాలియేటివ్ కేర్ వాళ్లని కలవండి" అని డాక్టర్ చీటీ రాసిచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదు. ఆ మాటకి మాకు తెలిసిన అర్థం ఒకటే: చేతులెత్తేశారు. ఆ కోపంలో చీటీని మందుల సంచి అడుగున పడేసి, ఇంకో ఆస్పత్రి, ఇంకో స్కాన్ అంటూ మూడు వారాలు తిరిగాం. ఆ మూడు వారాలూ నాన్న నడుం నొప్పితో రాత్రంతా కూర్చునే ఉన్నారు. పడుకుంటే నొప్పి ఎక్కువయ్యేది. చివరికి గతిలేక ఆ చీటీ పట్టుకునే వెళ్లాం. నాలుగో రాత్రి ఆయన పక్కకి ఒత్తిగిలి ఆరు గంటలు నిద్రపోయారు. క్యాన్సర్‌కి చేసే చికిత్స ఒక్క రోజు కూడా ఆగలేదు.

మేం పోగొట్టుకున్న మూడు వారాలు మీరు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. మందుల మోతాదు మీ టీమ్ చెప్పాల్సిందే. ఇంట్లో మనం చేయాల్సిన పని మాత్రం చాలా ఉంది, దాన్ని మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు.

ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి

జబ్బు వల్ల కలిగే బాధని తగ్గించే వైద్యమే పాలియేటివ్ కేర్. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం, ఇంట్లో వాళ్ల అలసట, అన్నీ అందులోకే వస్తాయి. జబ్బుకి చేసే వైద్యం ఒక పక్క నడుస్తుండగానే ఇది ఇంకో పక్క నడుస్తుంది. కీమో తీసుకుంటున్నవాళ్లకీ డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకీ కూడా ఇవ్వొచ్చు. నయం చేసే ప్రయత్నాలు ఆపేశాక చివరి నెలల్లో ఇచ్చే సంరక్షణని హాస్పిస్ అంటారు. అది ఇందులో ఒక భాగం మాత్రమే. సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో తెరిచిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ నుంచే ఈ వైద్యం పెరిగింది కాబట్టి జనం రెండిటినీ ఒకటే అనుకుంటారు. ఆవిడ నర్సుగా, సోషల్ వర్కర్‌గా పనిచేసి, ఆ తర్వాత డాక్టర్ చదివిన మనిషి. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి దిగులు, "నాకే ఎందుకిలా" అన్న వేదన, అన్నీ కలిసి ఒకే నొప్పిగా మనిషిని తినేస్తాయని ఆవిడ చెప్పేవారు. అందుకే ఈ టీమ్‌లో డాక్టర్, నర్సుతో పాటు కౌన్సెలర్, సోషల్ వర్కర్ కూడా ఉంటారు.

త్వరగా మొదలుపెడితే ఆయుష్షు తగ్గుతుందేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. మొదటి నుంచీ మామూలు వైద్యంతో పాటు పాలియేటివ్ కేర్ కూడా అందినవాళ్లలో దిగులు తక్కువగా కనిపించింది. చివర్లో వాళ్లు బాధపెట్టే చికిత్సలు తక్కువ చేయించుకున్నారు. అయినా మిగతావాళ్ల కంటే రెండున్నర నెలలకి పైగా ఎక్కువ బతికారు.

క్యాన్సర్ ఒక్కటే అనుకోకండి. గుండె బలహీనపడ్డవాళ్లకి, ఊపిరితిత్తులు, కిడ్నీ, కాలేయం పాడైనవాళ్లకి, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకి, పెద్ద జబ్బులతో పుట్టిన పిల్లలకి కూడా ఇది అవసరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 5.68 కోట్ల మందికి ఇది కావాలి. అందుతున్నది 14 శాతం మందికే.

ఆరు నెలల్లో రెండోసారి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినా, రోజులో సగానికి పైగా మంచం మీదే గడుస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గిపోతున్నా, మందులు వేసుకుంటున్నా నొప్పి అదుపులోకి రాకపోయినా, మీరే అడగండి. ఇలా అడిగితే చాలు: "డాక్టర్ గారూ, చికిత్స ఆపమని అడగట్లేదు. నొప్పి, ఆయాసం చూసే పాలియేటివ్ టీమ్‌ని కూడా కలిసేలా రాసివ్వండి." మొదటిసారి వెళ్లేటప్పుడు రిపోర్టుల కట్ట కంటే ముఖ్యంగా ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో సహా ఒక సంచిలో వేసుకెళ్లండి. మా సంచిలో ఒకే మందు రెండు వేర్వేరు పేర్లతో బయటపడింది.

ఎవరికి ఎంత తెలుసో తేల్చుకోండి

మందుల కంటే ముందు తేలాల్సింది ఇది. "ఆయనకి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు" అని మేం కూడా అన్నాం. కన్సల్టింగ్ రూమ్ తలుపు దగ్గర గుసగుసలు, ఫోన్ వస్తే వరండాలోకి పరుగు, రిపోర్ట్ మడిచి జేబులో దాచుకోవడం. నాన్న దగ్గర మేం నటిస్తున్నాం, మా దగ్గర ఆయనా నటిస్తున్నారు. ఒకరోజు ఉన్నట్టుండి అమ్మని అడిగారు: "బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో నీకు తెలుసా?" అమ్మ కంగారుగా "ఇప్పుడవన్నీ ఎందుకండీ, ముందు కోలుకోండి" అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. తెరిచిన తలుపుని మేమే మూసేశామని నాకు చాలా రోజుల తర్వాత గాని అర్థం కాలేదు.

మనిషికి తన ఒంట్లో ఏం జరుగుతోందో చాలా మటుకు తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆ సంగతి ఎవరితో మాట్లాడాలో. కాబట్టి వార్త చెప్పడం కంటే ముందు అడగండి. "ఈ జబ్బు గురించి మీకేం అర్థమైంది నాన్నా?" అని అడిగి ఆగండి. జవాబు రావడానికి టైం పడుతుంది. మౌనంగా ఉంటే మనకి టెన్షన్ వచ్చి ఏదో ఒకటి మాట్లాడేస్తాం. మాట్లాడకండి, మనసులో పది దాకా లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత, "ఇంకా వివరాలు మీరు తెలుసుకుంటారా, లేక డాక్టర్‌తో మమ్మల్నే మాట్లాడమంటారా?" అని అడగండి. "నాకొద్దు, మీరే చూసుకోండి" అన్నా అది ఆయన నిర్ణయమే. అడగకుండా మనం దాచడం వేరు.

"నేను పోతానా?" అని నేరుగా అడిగితే "అలాంటి మాటలు మాట్లాడకండి" అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని "ఏం తలచుకుంటే భయంగా ఉంది?" అని అడగండి. చాలాసార్లు భయం చావు గురించి ఉండదు. ఊపిరాడక గిలగిలా కొట్టుకుంటానేమో అని ఉంటుంది, లేదా మంచాన పడి అందరికీ బరువవుతానేమో అని. మొదటి దానికి మందులున్నాయి. రెండో దానికి మీరు పక్కన కూర్చోవడమే మందు.

డాక్టర్‌ని "ఇంకెన్నాళ్లు?" అని అడిగితే సరైన జవాబు రాదు. "ఇది నెలల మాటా, వారాల మాటా, రోజుల మాటా?" అని అడిగి చూడండి. అప్పుడు చెప్పగలుగుతారు.

ఒక నోటుబుక్కు, ఒకే మనిషి

టీమ్‌తో మాట్లాడే మనిషి ఇంట్లో ఒక్కరే ఉండాలి. అన్నయ్య ఒకటి అడిగి, వదిన ఇంకోటి విని, దూరాన ఉన్న అక్క ఫోన్‌లో మూడోది చెబితే మందులు తారుమారవుతాయి. మిగతావాళ్లకి పని లేదని కాదు. దూరంగా ఉన్నవాళ్లకి బిల్లులు, మందులు తెప్పించడం, చుట్టాలకి కబురు చెప్పడం అప్పగించండి. లేకపోతే వాళ్లు వచ్చిన ప్రతిసారీ "ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం" అంటారు. అది వాళ్ల అపరాధ భావం, మీ మీద కోపం కాదు.

నోటుబుక్కులో పొడుగు రాతలు వద్దు. మా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉండేది:

ఉదయం 6: నొప్పి 4. మాత్ర వేశాం.
9:30: స్నానం చేయించేటప్పుడు నొప్పి 8. అదనపు డోసు. 10:10కి 3.
విరేచనం: లేదు, రెండో రోజు.
రాత్రి: రెండుసార్లు లేచారు, ఎవరినో పిలిచారు.

ఆ అంకెలు సున్నా నుంచి పది దాకా ఉండే లెక్క. అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. నొప్పి, ఆయాసం, అలసట, వాంతి, దిగులు, దేనికైనా ఇదే వాడొచ్చు. అంకె జబ్బు మనిషే చెప్పాలి. మన కంటికి ఎలా కనిపిస్తోందో అది రాయకూడదు. మాట్లాడలేని స్థితిలో ఉంటే ముఖం చిట్లించడం, మూలగడం, ఒక చోటు ముట్టుకుంటే చేయి తోసేయడం రాసుకోండి. ఆ ఒక్క పేజీ చూసి మా డాక్టర్ స్నానానికి అరగంట ముందు డోసు వేయమన్నారు. మర్నాటి నుంచి స్నానం గొడవ తీరిపోయింది.

నొప్పి, మార్ఫిన్

నొప్పికి మందు నోటి ద్వారా, గడియారం ప్రకారం ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ చెబుతున్న మాట. గడియారం ప్రకారం అన్నది మనం తరచూ తప్పే చోటు. నొప్పి వచ్చాక వేద్దాంలే, ఇప్పుడు బాగానే ఉన్నారుగా అని ఆపుతాం. నొప్పి ముదిరాక దాన్ని దించడానికి ఎక్కువ మందు పడుతుంది. బాగానే ఉన్నారంటే మందు పనిచేస్తోందని అర్థం.

నొప్పి ఎలా ఉందో మాటల్లో చెప్పించండి. ఎముక నొప్పి తొలుస్తున్నట్టు, కదిలితే ఎక్కువవుతూ ఉంటుంది. నరం నొప్పి మంటగా, కరెంటు కొట్టినట్టు, తిమ్మిరితో ఉంటుంది. దానికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి వేరే మందులు కలుపుతారు. క్యాన్సర్ ఎముకకి పాకిన చోట ఒక్కసారి ఇచ్చే రేడియేషన్ కూడా చాలామందికి నొప్పి తగ్గిస్తుంది. "అడ్వాన్స్‌డ్ స్టేజ్‌లో రేడియేషన్ ఎందుకు?" అని కొట్టిపారేయకుండా అడగండి.

ఇక మార్ఫిన్, తీవ్రమైన నొప్పికి ఇచ్చే బలమైన మందు. పేరు వినగానే ఇంట్లో రెండు భయాలు లేస్తాయి: అలవాటైపోతుందని, త్వరగా చంపేస్తుందని. నొప్పికి తగిన మోతాదులో, డాక్టర్ కనిపెట్టుకుని పెంచుతూ పోతే ఆయుష్షు తగ్గదు. కొన్నాళ్లు వాడాక ఒంటికి అలవాటు పడుతుంది, అందుకే ఒక్కసారిగా ఆపకూడదు. వ్యసనం వేరే సంగతి. నొప్పి కోసం వాడేవాళ్లలో అది అరుదు. వాడే పద్ధతి మాత్రం కచ్చితంగా తెలుసుకోండి:

మామూలు మార్ఫిన్ మాత్ర అరగంటలో పని మొదలుపెట్టి సుమారు నాలుగు గంటలు ఉంటుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం పన్నెండు గంటలు పనిచేస్తుంది. దాన్ని పొడి చేసి ఇవ్వకూడదు, పన్నెండు గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మింగలేకపోతున్నారంటే రకం మార్చమని అడగండి. డోసుకి డోసుకి మధ్యలో నొప్పి ఎగసిపడితే వేయాల్సిన అదనపు డోసు ఎంతో ముందే రాయించుకోండి. రోజుకి మూడు నాలుగు సార్లు అదనపు డోసు పడుతోందంటే అసలు మోతాదు చాలట్లేదని, ఫోన్ చేయాలి.

మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు. చాలా రోజులు నిద్రలేని మనిషి, కాస్త నిద్రపోనివ్వండి. వికారం వారంలో తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. మార్ఫిన్ చీటీలో విరేచనం మందు లేకపోతే అక్కడే నిలబడి అడిగి రాయించుకోండి. పీచు పొడులు ఇక్కడ పనికిరావు. నీళ్లు తక్కువ తాగే మనిషి కడుపులో అవి గట్టిపడి ఇంకా ఇబ్బంది పెడతాయి.

ఫెంటనిల్ (మార్ఫిన్ లాంటిదే ఇంకో బలమైన నొప్పి మందు) ప్యాచ్ చర్మం మీద అంటించినవాళ్లకి అది పనిచేయడం మొదలవడానికి పన్నెండు గంటలైనా పడుతుంది, కాబట్టి ఆ లోపు పాత మందు సంగతి అడగండి. సాధారణంగా మూడు రోజులకోసారి మారుస్తారు. ప్యాచ్ మీద వేడి కాపడం పెట్టకూడదు. జ్వరం వచ్చినా మందు ఎక్కువ ఇంకుతుంది, వెంటనే చెప్పండి.

వెంటనే ఫోన్ చేయాల్సినవి: ఎంత లేపినా లేవనంత మగత, నిమిషానికి ఎనిమిది కంటే తక్కువ శ్వాసలు, చేతులు కాళ్లు ఉలిక్కిపడ్డట్టు ఎగరడం, మూత్రం బాగా తగ్గిపోవడం. కిడ్నీ సరిగా పనిచేయనప్పుడు మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుంటాయి. ఇంకొకటి మందుకి సంబంధం లేనిది, కానీ మర్చిపోకూడనిది: క్యాన్సర్ ఉన్న మనిషికి నడుం నొప్పి కొత్తగా పెరిగి, కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా తెల్లారే దాకా ఆగొద్దు. వెన్నుపాము నలుగుతోందేమో చూడాలి, గంటల్లో చూస్తేనే కాళ్లు దక్కుతాయి.

ఆయాసం, ఇంకొన్ని

ఆయాసం వచ్చినప్పుడు చుట్టూ మూగకండి. కిటికీ తెరిచి, మనిషిని కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు పెట్టి దాని మీదకి మోచేతులు వాల్చనివ్వండి. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ గాలి ముక్కు, బుగ్గల మీద తగిలేలా పెట్టండి. ఇది చిట్కాలా ఉంటుంది కానీ పరిశోధనల్లో నిలబడిన సంగతి. ముఖం మీది నరానికి చల్లగాలి తగిలితే ఊపిరాడట్లేదన్న భావన తగ్గుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గనివాళ్లకి ఆక్సిజన్ పెట్టినా గొట్టంలో మామూలు గాలి పంపినా ఉపశమనం ఒక్కలాగే ఉందని తేలింది. మెషీన్ కొనే ముందు నిజంగా అవసరమా అని అడగండి. తక్కువ మోతాదు మార్ఫిన్ ఆయాసానికి కూడా ఇస్తారు.

వాంతులకి కారణాన్ని బట్టి మందు మారుతుంది, కాబట్టి ఎప్పుడు అవుతున్నాయో రాసుకోండి: తిన్నాకా, కదిలితేనా, పొద్దున్నే తలనొప్పితోనా. పుండు వాసనతో మనిషి సిగ్గుపడి ఎవరినీ దగ్గరికి రానివ్వకపోతే, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌ని పుండు మీద వాడొచ్చేమో నర్సుని అడగండి. రెండు మూడు రోజుల్లో వాసన తగ్గి, మనుషులు మళ్లీ మంచం పక్కన కూర్చోగలుగుతారు. ఉన్నట్టుండి పలవరింతలు, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే "మతి పోయింది" అనుకోకండి. మూత్రం నిలిచిపోవడం, మలబద్ధకం, ఇన్ఫెక్షన్, మందులు, ఇందులో ఏదో ఒకటి కారణం కావొచ్చు. చాలా మటుకు సరిచేయొచ్చు.

మంచం దగ్గర పని

ఈ పని ఎవరో ఒకరు చేసి చూపిస్తే గాని రాదు. నర్సు ఇంటికొచ్చినప్పుడు చూసి వదిలేయకుండా, ఆవిడ ఎదురుగా మీరు చేసి చూపించి తప్పులు దిద్దించుకోండి.

తిరగలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మంచి ఎయిర్ బెడ్ ఉంటే వ్యవధి కొంచెం పెంచొచ్చు, తిప్పడం మాత్రం తప్పదు. ఒక దుప్పటిని మడిచి భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒంటి కింద ఎప్పుడూ పరిచి ఉంచండి. జరపాల్సి వస్తే చెరో పక్క నిలబడి, దుప్పటి అంచుని ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, ముందు ఆయనకి చెప్పి, "ఒకటి, రెండు, మూడు" అని లేపి జరపండి. ఈడిస్తే చర్మం పరుపుకి రాసుకుని చిట్లుతుంది. మీరొక్కరే ఉంటే, తిరగాల్సిన వైపు నిలబడి, అవతలి మోకాలు మడిచి, అవతలి చేయి గుండె మీదుగా ఇవతలికి తెచ్చి, భుజం మీద ఒక చేయి, తుంటి మీద ఒక చేయి వేసి మీ వైపు తిప్పండి. మోకాలు మడిస్తే సగం బరువు దానంతట అదే తిరుగుతుంది. పూర్తి పక్కకి పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది కాబట్టి వీపు వెనక దిండు పెట్టి సుమారు ముప్పై డిగ్రీలు వాలితే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి. మడమ కింద కాగితం దూర్చి చూడండి, అడ్డం లేకుండా దూరాలి.

తిప్పిన ప్రతిసారీ నడుం కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, చెవులు, తల వెనక చూడండి. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లని చర్మం మీద ఎరుపు తెలియదు, వేడిగా, గట్టిగా తగులుతోందా చూడండి. అక్కడ మర్దనా చేయకూడదు. గుండ్రటి రింగు దిండ్లు కూడా వద్దు, రింగు చుట్టూ రక్తం ఆడక అక్కడ పుండు పడుతుంది.

నోరు చాలా ఇళ్లలో మర్చిపోయే చోటు. మా నాన్న మాట్లాడటం తగ్గించేశారు, నీరసం అనుకున్నాం. నర్సు టార్చ్ వేసి చూస్తే నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొర. ఫంగస్ మందు వేసిన మూడో రోజున మళ్లీ కబుర్లు మొదలుపెట్టారు. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోమండి, మధ్యలో తడి గుడ్డ, పెదాలకి కొంచెం క్రీమ్. ఆఖర్లో నీళ్లు మింగలేనప్పుడు గంటకో గంటన్నరకో నోరు తడపడం డ్రిప్ కంటే ఎక్కువ హాయినిస్తుంది.

తిండి గురించి గొడవ

"రెండు ముద్దలు తింటే కాస్త ఓపిక వస్తుంది" అన్నది ప్రేమతో అనే మాటే. ముదిరిన జబ్బులో ఒళ్లు ఆహారాన్ని వాడుకునే తీరే మారిపోతుంది. ఎంత పెట్టినా కండ పట్టదు. తినకపోవడం వల్ల జబ్బు ముదరదు, జబ్బు ముదిరాకే తినబుద్ధి కాదు. బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావొచ్చు. మతిమరుపు జబ్బు బాగా ముదిరినవాళ్లకి ముక్కులోంచి గొట్టం వేసినా ఆయుష్షు పెరగదు.

ఏది, ఎప్పుడు, ఎంత అన్నది ఆయనకే వదిలేయండి. పెద్ద కంచం వద్దు, చిన్న గిన్నెలో రెండు చెంచాలు. నిటారుగా కూర్చోబెట్టి, మింగారో లేదో చూశాకే రెండో చెంచా.

రాత్రి రెండింటికి ఏం చేయాలో పగలే రాసిపెట్టుకోండి

అర్ధరాత్రి కంగారులో తీసుకునే నిర్ణయం దాదాపు ఎప్పుడూ అంబులెన్స్, ఐసీయూ, వెంటిలేటర్ దారిలోనే వెళ్తుంది. ఆయనకి అదే కావాలంటే సరే. వద్దనుకుంటే ముందే తేలాలి. గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం చేయాలా, వెంటిలేటర్ పెట్టాలా, చివరి రోజులు ఎక్కడ గడపాలని ఉంది, మాట్లాడలేని రోజు వస్తే తన తరఫున ఎవరు చెప్పాలి. జబ్బు బాగా ముదిరిన ఒంట్లో గుండె ఆగాక ఛాతీ నొక్కి వెనక్కి తేగలిగే అవకాశం చాలా తక్కువ. ఈ సంగతి డాక్టర్ నోట వినండి, ఆయన కూడా విననివ్వండి. మీరున్న చోట ఇలాంటి నిర్ణయం కాగితం మీద చెల్లాలంటే ఏం కావాలో సోషల్ వర్కర్‌ని అడిగి ఆ ప్రకారం రాయించండి. ఏదైనా చికిత్స విషయంలో ఎటూ తేల్చుకోలేకపోతే, "మూడు రోజులు చేసి చూద్దాం, తేడా లేకపోతే ఆపేద్దాం" అని డాక్టర్‌తో ముందే ఒప్పందం చేసుకోవచ్చు.

తర్వాత ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో: రాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు, నొప్పికి అదనపు డోసు ఎంత, ఆయాసానికి ఏం ఇవ్వాలి, ఆ మందు ఏ డబ్బాలో ఉంది. మంచం దగ్గర గోడకి అంటించండి. రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందని చెప్పి ఉంటే ముదురు రంగు తువ్వాళ్లు దగ్గర ఉంచుకోండి. తెల్లటి వాటి మీద కొంచెం రక్తమే భయంకరంగా కనిపిస్తుంది.

చూసుకునే మనిషి

"నాకేం ఫర్వాలేదు" అని అమ్మ నాలుగు నెలలు అంది. ఐదో నెలలో బీపీ ఎక్కువై తనే పడిపోయింది. వారంలో కనీసం రెండు రాత్రులు ఇంకెవరైనా మంచం దగ్గర పడుకునే ఏర్పాటు మొదట్లోనే చేసుకోండి, అలసిపోయాక వెతికితే ఎవరూ దొరకరు. "ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్లకి అక్కడికక్కడే ఒక పని చెప్పేయండి: "గురువారం సాయంత్రం రెండు గంటలు ఇక్కడ కూర్చోండి." విసుగు, కోపం, "ఇది ఎప్పుడు ముగుస్తుందో" అన్న ఆలోచన, అన్నీ వస్తాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడతాం. టీమ్‌లోని కౌన్సెలర్ మీ కోసం కూడా ఉన్నారు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే జబ్బు పేరు చెప్పండి. తమ వల్లే వచ్చిందని, అంటుకుంటుందని లోపల్లోపల అనుకుంటూ ఉంటారు. ఆ రెండూ నిజం కావని మాటల్లో చెప్పాలి. "తాతయ్య నిద్రపోతారు" లాంటి మాటలు వద్దు, తర్వాత వాళ్లు నిద్రకే భయపడతారు.

చివరి రోజులు

రోజంతా నిద్ర, నీళ్లు కూడా మింగలేకపోవడం, మూత్రం చిక్కగా, తక్కువగా రావడం, చేతులు కాళ్లు చల్లబడి మచ్చలు కనిపించడం, ఇవి దగ్గరపడిన గుర్తులు. ఊపిరి గబగబా ఆడి, తగ్గి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగురమని శబ్దం వస్తుంది. మింగలేని ఉమ్మి గొంతులో నిలిచి చేసే చప్పుడు అది. వినే మనకే బాధ. ఆ స్థితిలో ఆయనకి అది తెలుస్తున్నట్టు ఉండదు. పక్కకి తిప్పితే తగ్గుతుంది, మందులూ ఉన్నాయి. గొట్టం లోపలి దాకా దూర్చి లాగించడం వల్ల ఇబ్బందే ఎక్కువ. ఈ దశలో డ్రిప్ పెడితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి, కాళ్లలోకి చేరొచ్చు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందుల్లో ఏవి ఆపాలో అడగండి. నొప్పి మందు ఆపకండి, మింగలేకపోతే వేరే దారిలో ఇస్తారు.

వినికిడి ఆఖరి దాకా ఉండొచ్చు. స్పృహ లేని హాస్పిస్ రోగుల మెదడు తరంగాల్లో శబ్దాలకి స్పందన కనిపించిందని 2020లో ఒక పరిశీలన వచ్చింది. అందుకని గదిలో ఆస్తుల లెక్కలు, ఏర్పాట్ల గురించి చర్చలు పెట్టకండి. ఎవరొచ్చినా చేయి పట్టుకుని తమ పేరు చెప్పమనండి.

ఊపిరి ఆగాక పరుగెత్తాల్సిన పని లేదు. కాసేపు అలాగే కూర్చోండి. తర్వాత గోడ మీది నంబరుకి ఫోన్ చేయండి, ధ్రువీకరణకి ఎవరు రావాలో వాళ్లు చెబుతారు.

ఆ తర్వాత

మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి టీమ్‌కి తిరిగి ఇచ్చేయండి. వాడేసిన ప్యాచ్‌లో కూడా మందు మిగిలే ఉంటుంది, అంటుకునే వైపు లోపలికి వచ్చేలా మడిచి ఇవ్వండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మర్నాటికి వాయిదా వేసే పని కాదు.

నాకు దాదాపు రెండు నెలలు రాత్రి రెండింటికి, నాలుగింటికి మెలకువ వచ్చేది. తిప్పే టైం అది. లేచి ఆ గది దాకా వెళ్లి, ఖాళీ మంచం చూసి వెనక్కి వచ్చేవాణ్ని. కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే అది మామూలేనని, ఒళ్లు ఇంకా డ్యూటీలోనే ఉందని అన్నారు. నెమ్మదిగా తగ్గింది. ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు చేసుకోలేనంత దుఃఖం అలాగే ఉంటే, లేదా వెంటే వెళ్లిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అదే నంబరుకి మళ్లీ ఫోన్ చేయండి. ఆ టీమ్ పని అప్పటికీ అయిపోదు.